ఒడ్డు వెంట ఒకటే రోడ్డు

ఆ వానాకాలం మేం ముగ్గురం ఒక పాత రొట్టెల వ్యానులో సముద్రం ఒడ్డు వెంట తిరిగాం. ముగ్గురమంటే నేను, మా వదిన, తాబేలు. తాబేలును అసలు పేరు పెట్టి వాళ్ళమ్మ కూడా పిలవదు. సోఫాలు కుట్టడం దాని పని. ఒక బేకరీ వాళ్ళు వదిలించుకున్న వ్యాను కొని, లోపల పడుకోవడానికి మెత్తలు, చిన్న పొయ్యి, కిటికీలకు తెరలు అన్నీ తన చేత్తోనే అమర్చుకుంది. ఇల్లు వీపున వేసుకుని తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. బండి నడపడంలోనూ ఆ పేరుకు మచ్చ రానివ్వలేదు. సైకిళ్ళ వాళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూసేవాళ్ళు.

బడిలో మా ముగ్గురిదీ ఒకే బెంచీ. తర్వాత నేను కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పనిలో కుదిరాను. మూడోది మందుల షాపులో చేరింది. మా ఇంటికి వస్తూ పోతూ ఉండగా అన్నయ్యకు నచ్చి, నాకు వదిన అయింది. ఆడపడుచు పోరు లేని కాపురం దానిది, వదిన పోరు లేని పుట్టిల్లు నీది, మీ అంత అదృష్టవంతులు ఉండరే అని తాబేలు మమ్మల్ని ఏడిపించేది.

అన్నయ్య లిఫ్టులు బిగిస్తాడు, పాడైతే బాగుచేస్తాడు. అతను గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. మాట మెత్తన, నడక మెత్తన. అతని చెయ్యి పడితే ఇనుము కూడా నోరు మూసుకుంటుందని తోటి పనివాళ్ళు అనేవారట. మా ఇంట్లో ఏ తలుపూ కిర్రుమనదు. వదినకు కొంతకాలంగా తలనొప్పులు. ఉద్యోగం మానేసింది, గదిలోంచి బయటికి రావడం తగ్గించింది. ఆ రోజుల్లోనే అన్నయ్యకు వేరే ఊళ్ళో కడుతున్న పెద్ద భవనంలో పని వచ్చింది. కొన్ని వారాలు అక్కడే ఉండాలి. అప్పుడు అమ్మ, ఏ విషయమూ అతన్ని నోరు తెరిచి అడగని అమ్మ, కోడల్ని మాతో పంపమని అడిగింది. గాలి మారితే తల తేలికపడుతుందేమోనంది. అన్నయ్య చాలాసేపు ఆలోచించాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"నువ్వుంటావు కాబట్టి పంపుతున్నాను చిట్టీ. దాన్ని ఒంటరిగా వదలకు. రోజూ సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి."

బయల్దేరే రోజు వానలోనే వంగి వ్యాను టైర్లు నొక్కి చూశాడు, ఆయిలు చూశాడు, అద్దం తుడిచే పుల్లలకు కొత్త రబ్బర్లు వేశాడు. ఇలాంటి అన్నయ్య అందరికీ దొరుకుతాడా అని ఆ పూట నేను గర్వపడ్డాను కూడా.

మొదటి రోజులు హాయిగానే గడిచాయి. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ, మధ్యలో మా రోడ్డు. వాన తెరిపిచ్చినప్పుడల్లా తాబేలు బండి ఆపేది. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలోకి పరిగెత్తేవాళ్ళం. తడికి వ్యాను గోడల్లోంచి ఇంకా రొట్టె వాసన వచ్చేది. అది పీల్చి ఆకలేస్తోందని తాబేలు రోజుకు ఎన్నిసార్లు పొయ్యి వెలిగించేదో లెక్కలేదు. వదిన మాత్రం ఏది పెట్టినా ముందు నా మొహంలోకి చూసి, తర్వాత తినేది. కూర్చోమంటే కూర్చునేది, లేవమంటే లేచేది. ఒంట్లో బాగోలేని మనిషి కదా అనుకున్నాను.

దీపాలు వెలిగే వేళకు అన్నయ్యకు ఫోన్ చేసేదాన్ని. ఎక్కడున్నారు, ఏం తిన్నది, ఎవరితో మాట్లాడింది, ఏ బట్టలు కట్టుకుంది అని ఓపికగా అడిగేవాడు. నేను అంతకన్నా ఓపికగా చెప్పేదాన్ని. ఒకసారి పెట్రోలు బంకులో ఒకాయన వదినకు గొడుగు పట్టాడని చెబితే, ఆయన ఎంత వయసువాడు అని అడిగాడు. ముసలాయన అన్నాను. మంచిది అన్నాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదని తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

ఒక దీపస్తంభం దగ్గర, సెలవులకు వచ్చేవాళ్ళ కోసం కట్టిన గదులు వానాకాలమని మూసేసి ఉన్నాయి. కాపలావాడు మంచివాడు. నీళ్ళ గదులు వాడుకోనిచ్చి, వ్యానును ఆ వెనక పెట్టుకోమన్నాడు. తెల్లారి నేనూ తాబేలూ ముందు లేచి, జల్లు లోపలికి కొడుతోందని వ్యాను తలుపు దగ్గరగా లాగి, మొహాలు కడుక్కోవడానికి వెళ్ళాం. కాపలావాడు తన మోకాళ్ళ నొప్పుల కథ ఎత్తుకున్నాడు. తిరిగొచ్చేసరికి బాగా ఆలస్యమైంది.

తలుపు లాగితే, వదిన గుమ్మానికి ఎదురుగా మెత్త అంచున కూర్చుని ఉంది. కాళ్ళకు చెప్పులు, ఒళ్ళో తువ్వాలు, దాని మీద సబ్బు. నడుము నిటారుగా పెట్టి, పెదవి కొరుక్కుని, చెమటలు పట్టి ఉంది.

"ఇంకా రాలేదేమే?" అన్నాను.

"తలుపు వేసుంది కదా."

"దగ్గరగా లాగాం, అంతే. తోస్తే వస్తుంది."

"తెలుసు," అంది. మా ఇద్దరి మధ్య నుంచి దూసుకుని నీళ్ళ గది వైపు పరిగెత్తింది.

తాబేలు తలుపును ఒకసారి ఇటూ ఒకసారి అటూ లాగి చూసింది. ఒక్క వేలితో కదిలింది. తర్వాత నా వైపు చూసింది. ఎందుకో మాత్రం నాకింకా తెలియదు.

వదిన వచ్చాక తాబేలు పొయ్యి మీద నీళ్ళు పెట్టి, దాని పక్కన కూర్చుని, నెమ్మదిగా అడిగింది. వదిన గ్లాసు చుట్టూ వేళ్ళు తిప్పింది. తర్వాత చెప్పింది. ఎవరి ఇంట్లోనో జరిగినట్టు, ఏడవకుండా చెప్పింది. అన్నయ్య పనికి వెళ్ళేటప్పుడు గది బయట గడియ పెడతాడట. షాపు తెరవాలని నేను అతని కన్నా ముందే వెళ్ళిపోతాను, అతను వచ్చాకే వస్తాను. మధ్యాహ్నం అమ్మ గడియ తీసి, తిండి పెట్టి, స్నానం చెయ్యనిచ్చి, సాయంత్రం అతను వచ్చే వేళకు మళ్ళీ పెట్టేస్తుందట. ఆ గడియను నేను రోజూ చూస్తున్నాను. గాలికి తలుపు కొట్టుకోకుండా పెట్టాడనుకున్నాను. నూనె పెట్టిన గడియ, చప్పుడు చెయ్యదు.

"కొట్టేవాడా?" అంది తాబేలు.

"లేదు. ఎప్పుడూ కొట్టలేదు. కొడితే దీనికి తెలిసేదేమో," అంది నా వైపు చూడకుండా.

తర్వాత ఇంకొకటి చెప్పింది. మందుల షాపులో ఎవరో తనతో నవ్వుతూ మాట్లాడారని తెలిసిన మర్నాడు, అన్నయ్య తనను పని దగ్గరికి తీసుకెళ్ళాడట. భవనం పై అంతస్తులో లిఫ్టు తలుపులు తెరిచాడట. లిఫ్టు ఇంకా బిగించలేదు. తలుపుల వెనక చీకటి గొయ్యి తప్ప ఏమీ లేదు. అంచు దాకా నడిపించి, మణికట్టు పట్టుకుని, ముందుకు వంగి చూడమన్నాడట. ఒక్క అడుగు ఏమరుపాటుగా పడితే చాలు, మనుషులు ఎలా పోతారో తెలియను కూడా తెలియదు అన్నాడట.

"నా చెయ్యి గట్టిగానే పట్టుకున్నాడు. భయపడకు, నేను పట్టుకునే ఉన్నాను కదా అన్నాడు."

నాకు ఆ గొంతు వినిపించింది. ఆ మాట అతను ఎలా అంటాడో, ఎంత మెత్తగా అంటాడో నాకు తెలుసు. చిన్నప్పుడు సైకిలు నేర్పుతూ నాతోనూ అన్నాడు. అయినా నమ్మలేదు. నమ్మలేదనడం కన్నా, నమ్మితే నిలబడ్డ నేల ఎక్కడికి పోతుందోనని భయపడ్డాను. తలనొప్పి మందుల వల్ల ఏవేవో ఊహించుకుంటోందేమో అనుకుంటూ నీళ్ళ గదుల వసారాలోకి వెళ్ళి అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, వదిన గదికి బయట గడియ..." అని ఆగాను.

అటు ఇంటి మీద పడుతున్న వాన, ఇటు నా నెత్తి మీద రేకుల మీద పడుతున్న వాన, రెండూ వినిపిస్తున్నాయి.

"అది తింటోందా?" అంది చివరికి.

"తింటోంది. అమ్మా, నిజమేనా?"

"ఎక్కడున్నారు..." అని, వెంటనే, "వద్దు. చెప్పకు తల్లీ. ఎక్కడున్నారో నాకు చెప్పకు. వాడు అడిగితే నేను దాచలేను," అంది. ఫోన్ పెట్టేసింది.

ఆ వసారాలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తాబేలు వచ్చి నా భుజం మీద చెయ్యి వేస్తే ఎగిరిపడ్డాను. అమ్మ గొంతులో ఉన్నది నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ అది నెమ్మదితనమనుకున్నాను.

వదినకు ఒక అక్క ఉంది. నది అవతల రేవు పట్నంలో ఆస్పత్రి బట్టలు ఉతికే చోట పనిచేస్తుంది. పెళ్ళయ్యాక రాకపోకలు తెగిపోయాయి. ఎలా తెగిపోయాయో ఇప్పుడు అర్థమైంది. అక్కడికే పోదామని తాబేలు తేల్చేసి బండి తీసింది. ఆ సాయంత్రం నేను అన్నయ్యకు ఫోన్ చెయ్యలేదు. అతనే చేశాడు. ఎత్తకపోతే ఇంకా ప్రమాదమని ఎత్తాను. దీపస్తంభం దగ్గరే ఉన్నాం అన్నాను.

"వదినకు ఇవ్వు."

"పడుకుంది."

"ఇంత పెందలాడే?"

"తలనొప్పి అంది."

నవ్వినట్టున్నాడు. "అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు ఊపిరి బిగబడతావు చిట్టీ. చిన్నప్పటి నుంచీ అంతే. సరే, రోడ్డు జారుడుగా ఉంటుంది. జాగ్రత్త."

నా చేతిలోంచి ఫోన్ జారి కాళ్ళ దగ్గర పడింది. వదిన దాన్ని తీసి, తన సంచిలో బట్టల అడుగున పెట్టింది. ఏమన్నాడని అడగలేదు.

ఆ తర్వాత రోడ్డు నాకు రోడ్డులా కనిపించలేదు. వెనక వచ్చే ప్రతి బండీ బూడిదరంగులోనే ఉన్నట్టుండేది. అన్నయ్యది బూడిదరంగు ట్రాలీ బండి, నెత్తిన నిచ్చెన. వాన తెరల్లోంచి ఏదైనా హారన్ మోగితే నా పై ప్రాణాలు పైనే పోయేవి. తాబేలు పాటలు మానేసింది. కొండ మీంచి ఎర్రమట్టి జారి రోడ్డు సగం మూసుకున్న చోట, సముద్రం వైపు చక్రం అంచున నడుస్తుంటే కూడా మేం ముగ్గురం కిందికి చూడలేదు, వెనక్కే చూశాం. చీకటి పడ్డాక ఒక చేపల గోదాము వెనక, గాలికి ఊగే రేకుల కింద బండి పెట్టి తలదాచుకున్నాం. కునుకు పట్టినప్పుడల్లా మెత్తటి అడుగుల చప్పుడు వినిపించి లేచేదాన్ని. అవి వాన చినుకులు.

తెల్లారాక పెట్రోలు బంకులో ఆగాం. గల్లా దగ్గర కూర్చున్నావిడ వ్యాను చూసి మొహం విప్పార్చింది.

"రొట్టెల వ్యాను మీదేనా? ఇందాకే ఒకాయన మీ కోసం అడిగి వెళ్ళాడమ్మా. చెల్లెలు వానలో బయల్దేరిందని పాపం ఎంత దిగులుపడుతున్నాడో. అంత మర్యాదస్తుణ్ణి ఈ మధ్య చూడలేదు."

"ఎటు వెళ్ళాడు?" అంది తాబేలు.

ఆవిడ మేం వెళ్ళాల్సిన వైపే చెయ్యి చూపించింది.

మేం గోదాము వెనక దాక్కున్న వేళలో మమ్మల్ని దాటిపోయాడన్నమాట. ఇప్పుడు వెనక లేడు, ముందున్నాడు. ఒడ్డు వెంట ఉన్నది ఒకటే రోడ్డు. వెనక్కి తిప్పుదామన్నాను నేను. తాబేలు తాళం చెవి చేతిలో పట్టుకుని ఎటూ తేల్చుకోలేక నిలబడింది.

"వెనక్కి వెళ్తే ఇల్లే కదా," అంది వదిన. వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది.

నది సముద్రంలో కలిసే చోట పల్లంగా కట్టిన వంతెన ఒకటి ఉంది. నీరు పెరిగితే దాని మీదుగానే పారుతుంది. మేం చేరేసరికి పారుతోంది. బండ్లన్నీ బారులు తీరి ఆగి ఉన్నాయి. పసుపు కోటు వేసుకున్న రోడ్డు పనుల మనిషి ఒకడు నీటి ఒడ్డున నిలబడి, లోతు చూసుకుంటూ, ఎత్తున్న బండ్లను ఒక్కొక్కటిగా వదులుతున్నాడు. బారు పక్కన, రోడ్డు దిగువన, నిచ్చెన ఉన్న ట్రాలీ ఆపి ఉంది. అందులో ఎవరూ లేరు.

అప్పుడు చూశాను. నల్ల గొడుగు కింద, ఒక్కో బండి అద్దంలోకి వంగి చూసుకుంటూ, దారిచ్చిన వాళ్ళకు తల ఊపుతూ మా వైపు వస్తున్నాడు.

తాబేలు గొంతు తగ్గించి, వెనక మెత్తల కింద పెట్టె ఖాళీగానే ఉందని, వదిన అందులో దూరితే పైన బట్టలు కప్పుతానని అంది.

"పెట్టెలో పెట్టకే నన్ను," అంది వదిన. అంతే. మా ఇద్దరి మధ్య, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

వ్యాను నిలబడే ఉంది, బారు కదలడం లేదు. నేను నా వైపు తలుపు లాకు నొక్కి, దాని మీద అరచెయ్యి వేసి పట్టుకున్నాను. పాత బండి కావడంతో ఆ వైపు అద్దం చివరిదాకా ఎక్కదు. అన్నయ్య మొహం ఆ సందులోకి వచ్చింది. కళ్ళ కింద నల్లటి చారలు, గడ్డం మాసి ఉంది. నన్ను చూసి నవ్వాడు.

"బాగా భయపెట్టావు చిట్టీ," అన్నాడు. వదిన వైపు చూసి, "దిగు. తడవకుండా తీసుకెళ్తాను," అన్నాడు.

వదిన ఎదురుగా నీటి వైపే చూస్తోంది. దాని భుజం నా భుజానికి ఆని వణుకుతోంది. నాది కూడా వణుకుతోంది కాబట్టి ఏది ఎవరిదో తెలియలేదు.

"తలుపు తియ్యమ్మా," అన్నాడు నాతో.

"తియ్యను అన్నయ్యా."

"ఏమన్నావు?"

తల అడ్డంగా ఊపాను. అతను కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని అనుకున్నాను. గొడుగు మూసి బండికి ఆనించి, అద్దం సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి, లాకు మీదున్న నా చెయ్యి నిమిరాడు. తర్వాత మర విప్పినంత ఓపికగా నా వేళ్ళు ఒక్కొక్కటే లేపడం మొదలుపెట్టాడు. నొప్పి లేకుండా లేపాడు. చిటికెన వేలు, ఉంగరం వేలు. వాన అతని నుదుటి మీంచి కారుతోంది. నా మొహంలోకే చూస్తూ, "భయమెందుకు, నేను ఉన్నాను కదా," అన్నాడు.

అప్పుడు వదిన నా మీంచి వంగింది. దాని గొంతు అంత పెద్దదని నేను మర్చిపోయాను. బడిలో మైదానం ఆ చివరి నుంచి పిలిస్తే ఈ చివర వినిపించేది.

"ఈ మనిషితో నేను వెళ్ళను. నన్ను గదిలో పెట్టి గడియ వేస్తాడు. వెళ్ళను."

మాతో కాదు, అతనితో కాదు, ఆ బారు మొత్తంతో అంది. పసుపు కోటు మనిషి తిరిగి చూశాడు. ముందున్న లారీ డ్రైవరు తలుపు తెరుచుకుని కిందికి దిగాడు. పక్క కారులో ఒకావిడ అద్దం దించింది. అన్నయ్య వాళ్ళందరినీ చూశాడు. చెయ్యి బయటికి తీసుకున్నాడు. జేబులోంచి రుమాలు తీసి వేళ్ళు తుడుచుకుంటూ, "మా ఇంటావిడకు ఒంట్లో బాగుండదండీ," అన్నాడు వాళ్ళతో, ఎప్పటి గొంతుతోనే. లారీ డ్రైవరు వచ్చి, అతనికీ మా తలుపుకీ మధ్య నిలబడ్డాడు. పసుపు కోటు మనిషి మమ్మల్ని బారులోంచి బయటికి తీసి ముందుకు రమ్మని చెయ్యి ఊపాడు.

తాబేలు బండిని నీటిలోకి దింపింది. నీళ్ళు చక్రాలు దాటి తలుపు సందుల్లోంచి కాళ్ళ దగ్గరికి వచ్చాయి. రోడ్డు కనబడదు, రెండు పక్కలా నాటిన రాళ్ళ తలలు మాత్రమే కనబడుతున్నాయి. మధ్యలో ఒకసారి బండి సముద్రం వైపు పక్కకు జరిగింది. జరిగిన సంగతి ముగ్గురికీ తెలిసింది, ఎవరమూ అరవలేదు. అవతలి గట్టు ఎక్కాక తిరిగి చూశాను. వంతెనకు అడ్డంగా తాడు కట్టేస్తున్నారు. ఇక ఆ పూటకు ఎవర్నీ వదలరు. అన్నయ్య గొడుగు వేసుకోకుండా వానలో నిలబడి ఉన్నాడు. తడుస్తున్నాడే అని నాకు అనిపించింది. అలా అనిపించినందుకు కూడా భయం వేసింది.

వదిన అక్క గుమ్మంలో మమ్మల్ని చూసి ఒక్క ప్రశ్నా అడగలేదు. చెల్లెల్ని లోపలికి లాక్కుని, మూడు పొడి తువ్వాళ్ళు తెచ్చింది. మర్నాడు అందరం పోలీసుల దగ్గరికి వెళ్ళి చెప్పాం. వాళ్ళు అన్నయ్యను పిలిపించి, వదిన జోలికి రానని సంతకం పెట్టించుకున్నారు. అతని మర్యాద వాళ్ళకూ నచ్చిందట. వదిన ఆ పట్నంలోనే మందుల షాపులో చేరింది. నేను ఇంటికి వెళ్ళలేదు. మా ఊళ్ళోనే తాబేలు కుట్టు షాపు మీద రెండు గదులుంటే వాటిలో దిగాను. అమ్మ ఆ ఇంట్లోనే, అతనితోనే ఉండిపోయింది. రమ్మని ఫోన్‌లో అడిగితే, చూద్దాంలే అనేది. వెనక అతని అడుగులు వినిపించవు కాబట్టి అతను ఉన్నాడో లేడో నాకు తెలిసేది కాదు.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అమ్మ నా షాపుకు వచ్చింది. చేతిలో ఒక సంచి. కళ్ళద్దాలు మార్చుకొస్తానని అతనితో చెప్పి బయల్దేరిందట. పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాలు చదవమంటే అన్నీ గడగడా చదివేసింది. అద్దాలు మార్చాల్సిన పనేమీ లేదన్నాను. "నాకు తెలుసులే," అని సంచి ఒళ్ళోకి తీసుకుంది. ఆ సాయంత్రం నాతోపాటు కుట్టు షాపు మెట్లెక్కింది.

కొన్నాళ్ళకు అన్నయ్య వచ్చాడు. సన్నగా జల్లు పడుతోంది. పైకి రాలేదు, పిలవలేదు. వీధి అవతల మూసిన షాపు చూరు కింద నిలబడి మా కిటికీ వైపు చూస్తున్నాడు. నేను తెర వేసేసి గోడకు ఆనుకుని నిలబడ్డాను. అమ్మ తెర కొంచెం తొలగించి చూసింది. చెప్పులు వేసుకుంది. వద్దమ్మా అన్నాను, కొంగు పట్టుకున్నాను. నా చెయ్యి విడిపించుకుని దిగి వెళ్ళింది.

కిటికీలోంచి చూశాను. అతని ముందు అమ్మ చిన్నపిల్లలా ఉంది. ఏదో అంది. అతను తల ఊపాడు. మళ్ళీ ఏదో అంది. ఈసారి అతను తల ఊపలేదు. తర్వాత తల వంచుకుని వీధి మలుపు వైపు నడిచాడు. అతను మలుపు తిరిగేదాకా అమ్మ అక్కడే, జల్లులో నిలబడి ఉంది.

నేను పరుగున మెట్లు దిగాను. అప్పటికి అమ్మ వచ్చి అడుగు మెట్టు మీద కూర్చుంది.

"ఏమన్నావమ్మా?"

"తిన్నావా అని అడిగాను."

"ఏమన్నాడు?"

"తిన్నానన్నాడు. అయితే ఇక వెళ్ళు, మళ్ళీ రాకు అన్నాను."

లేవదీద్దామని చెయ్యి పట్టుకున్నాను. అమ్మ లేవలేదు.

"కాళ్ళు నిలవడం లేదే," అంది. "కాసేపు నువ్వు కూడా ఇక్కడే కూర్చో."